రైటర్‌గా ఎంత ఎదిగానో రాయమన్నారు, నాకేమో తగ్గినట్టుంది

మూడో_అంతస్తు_పీజీ:

అందరికీ నమస్కారం. బెంగళూరులో డాక్యుమెంటేషన్ లైన్లో ఉన్న మనవాళ్ళు ఇక్కడ కొంతమంది ఉన్నారని పాత చర్చల్లో చూశాను, అందుకే అడుగుతున్నా. మాది అనంతపురం వైపు. మూడేళ్ళుగా మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నా, ఇక టెక్నికల్ రైటింగ్‌లోకి మారదామని బీటీఎంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆదివారం క్లాసులకి చేరాను. మొత్తం 12 ఆదివారాలు. మారతహళ్ళిలో 500డీ ఎక్కి సిల్క్ బోర్డ్ దగ్గర దిగి అక్కణ్ణించి ఆటో. ఆదివారం కదా, ట్రాఫిక్ ఉండదులే అనుకునేవాణ్ణి, ఆ భ్రమ రెండో వారానికే పోయింది.

కోర్సు బాగానే ఉంది, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా చివరి అసైన్‌మెంట్‌తోనే. ఈ 12 వారాల్లో రాసినవన్నీ ఒక ఫైల్లో పెట్టి, దాని ముందు "ఈ కోర్సులో రైటర్‌గా మీరెలా ఎదిగారు" అని 800 పదాల్లో రాసి పెట్టాలట. ఒక్క దానికే 20 మార్కులు. వచ్చే ఆదివారం ఇచ్చెయ్యాలి.

నాలుగు రోజుల నుంచి కూర్చుంటున్నా. రాయాల్సింది ఇంగ్లీషులోనే, కానీ ఏ భాషలో మొదలుపెట్టినా అవే మాటలు వస్తున్నాయి. ఈ కోర్సు నా జీవితంలో ఒక మలుపు, నాలో ఆత్మవిశ్వాసం పెరిగింది, టూల్స్ మీద పట్టు వచ్చింది, మా సార్‌కి కృతజ్ఞతలు. నిన్న రాత్రి చదువుకుంటే రిటైర్మెంటు సభలో దండ వేసే ముందు మాట్లాడే ఉపన్యాసంలా ఉంది. అందులో నా పేరు తీసేసి మీ పేరు పెట్టినా సరిపోతుంది.

నిజం చెప్పాలంటే నాకు ఎదిగినట్టేమీ అనిపించట్లేదు. మొదటి వారం "ఇంట్లో వాడే ఏదైనా వస్తువు తీసుకుని దాంతో ఒక పని ఎలా చెయ్యాలో రాయండి" అన్నారు, నేను ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం గురించి నిండుగా రెండు పేజీలు రాశాను. చివరి వారం అదే మళ్ళీ రాయమంటే 11 లైన్లు వచ్చింది. టెన్త్‌లో వ్యాసరచనలో ఫస్ట్ ప్రైజు కొట్టినవాణ్ణి, మా నాన్న చూస్తే "డబ్బులు కట్టి మరీ రాయడం మర్చిపోయావా" అంటాడు. మధ్యలో మూడో వారం ఆ పేపర్ నా రూమ్మేట్ చేతికిచ్చి పని చేయించి చూడమన్నారు, అదొక పెద్ద కామెడీ అయింది, అది వేరే కథ లెండి.

ఇంకో సందేహం. ఏపీఐ డాక్యుమెంటేషన్ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో ఎలా మాట్లాడాలో వివరించడం) మీద రెండు వారాలు చెప్పారు, అది నాకు సగమే ఎక్కింది. ఆ మాట రాస్తే మార్కులు పోతాయా, లేక మెల్లగా దాటెయ్యాలా? ఇలాంటివి రాసినవాళ్ళు గానీ దిద్దినవాళ్ళు గానీ ఉంటే కాస్త చెప్పండి.


బెల్లందూరు_నురగ:

దీనికింత టెన్షనెందుకు బ్రో. చాట్‌జీపీటీకి "నేను చాలా ఎదిగాను, 800 పదాలు" అని చెప్పు, నీకంటే ఎక్కువ ఎదిగి చూపిస్తుంది. మా బ్యాచ్‌లో సగం మంది అదే చేశారు. మిగతా సగం ఆ సగం దగ్గర కాపీ కొట్టారు.


వైట్‌ఫీల్డ్_అక్క:

తమ్ముడూ, పై సలహా పక్కన పెట్టు. దానికి నీ రూమ్మేట్ తెలియదు కదా. "అది వేరే కథ లెండి" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, నాకైతే ఆ కథే కావాలి. ముందు అది ఇక్కడ రాయి, తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఈ లైన్లో 14 ఏళ్ళుగా ఉన్నాను. ఫ్రేమ్‌మేకర్‌తో మొదలుపెట్టాను, తర్వాత డీటా (మాన్యువల్‌ని విడివిడి టాపిక్‌లుగా రాసే పద్ధతి) వచ్చింది, ఇప్పుడు మార్క్‌డౌన్, గిట్, అన్నీ మాన్యువల్స్ తయారుచేసే సాధనాలే. రెజ్యూమెలో ఇవి వరసగా కనిపిస్తే బాగానే ఉంటుంది కానీ ఇవి నేర్చుకోవడం వల్ల నా రాత మారలేదు. నా రాత మారింది ఒక్క ఫోన్ కాల్‌తో. మొదటి ఉద్యోగంలో ఒక ఇన్‌స్టలేషన్ గైడ్ రాశాను. చిన్నప్పుడు బళ్ళో చెప్పేవాళ్ళు కదా, ఒకే మాట పదే పదే వాడకూడదు, పర్యాయపదాలు వాడాలి అని. నేను బుద్ధిగా అదే పాటించాను. ఒక స్టెప్పులో "ఫోల్డర్" అన్నాను, తర్వాత స్టెప్పులో "డైరెక్టరీ", దాని తర్వాత "ఇన్‌స్టలేషన్ లొకేషన్". మూడూ ఒకటే. కస్టమర్ ఒకాయన సపోర్ట్ వాళ్ళకి ఫోన్ చేసి, "మొదటి రెండూ దొరికాయి, ఆ మూడోది ఎక్కడుందో కనబడట్లేదు" అన్నాడట. రెండోది కూడా ఆయనకి దొరికింది చూశావా, ఆయనే కొత్తగా ఒకటి తయారు చేసుకున్నాడు పాపం, అందులో కొన్ని ఫైళ్ళు కూడా పెట్టుకున్నాడు! సపోర్ట్‌లో పనిచేసే ఒకతను నా సీటు దగ్గరికొచ్చి, తిట్టలేదు, ఆ పేజీ మీద పెన్నుతో మూడు మాటలకీ సున్నాలు చుట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఒక వస్తువుకి ఒకటే పేరు పెట్టడం అలవాటైంది. బళ్ళో నేర్చుకున్నదాన్ని మర్చిపోవడానికి నాకు ఉద్యోగంలో రెండేళ్ళు పట్టింది. నువ్వు "తగ్గాను" అంటున్నావు కదా, నాకు ఆ మాట నచ్చింది. దాన్ని వదలకు.

ఇప్పుడు పని సంగతి. వర్డ్‌లో రివ్యూ ట్యాబ్‌లో కంపేర్ అని ఒకటుంటుంది. నీ మొదటి వారం ఫైలు, చివరి వారం ఫైలు రెండూ దానికిచ్చి చూడు. పేజీ నిండా ఎర్ర గీతలు వస్తాయి, భయపడకు. ఒక్కొక్క గీత దగ్గరా ఆగి "ఇది ఎందుకు తీసేశాను" అని నిన్ను నువ్వే అడుగు. "సార్ తీసెయ్యమన్నారు కాబట్టి" అని జవాబొస్తే దాన్ని వదిలెయ్. నీ సొంత కారణం దొరికినవి రెండో మూడో ఉంటాయి, వాటి గురించి రాస్తే 800 పదాలు చాలవు.


మూడో_అంతస్తు_పీజీ:

అక్కా, అడిగారు కాబట్టి చెప్తున్నా, నవ్వకండి.

మా పీజీలో మూడో అంతస్తు మెట్ల పక్కన ఇన్వర్టర్ ఉంది, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. ఓనర్ నెల్లూరాయన. నీళ్ళు పోసే మనిషి రావడం మానేస్తే "మీరంతా ఇంజనీర్లేగా, మీరే చూస్కోండి" అన్నాడు. అందుకే ఆ టాపిక్ తీసుకున్నా. మూడో వారం రూల్ ఏంటంటే, మనం రాసింది ఇంకొకరి చేతికిచ్చి, మనం నోరు మూసుకుని పక్కన నిలబడి చూడాలి. అడిగినా చెప్పకూడదు.

మా రూమ్మేట్‌ది గుంటూరు, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాడు. పొద్దున్నే లుంగీలో లేచి వచ్చాడు. ఇన్వర్టర్ స్విచ్ నేను ముందే ఆపి పెట్టాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో. నా పేపర్లో మొదటి పేరా లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు అని మొదలవుతుంది. వాడు అది శ్రద్ధగా చదివి, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు. నేను మాట్లాడకూడదు. రెండో పేరా బ్యాటరీ నిర్వహణ ప్రాముఖ్యత. అదీ చదివాడు. అప్పుడు మొదలైంది అసలు పని.

ఆరు సెల్స్‌కి ఆరు మూతలు, ఆరూ తీశాడు. కుడిచేతిలో 5 లీటర్ల క్యాన్, ఎడమచేత్తో గరాటు. పేపర్‌ని ఇన్వర్టర్ మీద ఆనించి పెట్టుకున్నాడు. మొదటి పేజీలో ఆఖరి లైను "సూచిక సరైన లెవెల్‌కి వచ్చేదాకా నెమ్మదిగా పోయండి". పోస్తూ పోస్తూ "ఏది సరైన లెవెల్ రా?" అన్నాడు. సూచిక మీద రెండు గుర్తులుంటాయి, ఎర్రది, ఆకుపచ్చది. ఏది దాకా పోయాలో నేను రెండో పేజీలో బొమ్మ కింద రాశాను. పేజీ తిప్పాలంటే వాడికి చెయ్యి ఖాళీ లేదు! వంగి గడ్డంతో తిప్పబోయాడు, నిజంగా, నా ఫోన్లో వీడియో ఉంది. అది తిరగలేదు. ఈలోపు మొదటి సెల్ పొంగి, నీళ్ళు బ్యాటరీ పక్క నుంచి కారి వాడి లుంగీ మీద పడ్డాయి. అప్పుడు క్యాన్ కింద పెట్టి పేజీ తిప్పాడు. రెండో పేజీలో అన్నిటికంటే పైన బోల్డ్‌లో ఏముందంటే, ముఖ్య గమనిక, ఈ పని మొదలుపెట్టే ముందు ఇన్వర్టర్ ఆఫ్ చెయ్యాలి, గ్లవ్స్ వేసుకోవాలి. అది కూడా నేను ఇంగ్లీషులో "గ్లవ్స్ షుడ్ బి వోర్న్" అని చాలా గొప్పగా రాశాను. వాడు దాన్ని గట్టిగా చదివి, తడిచేతులతో నా వైపు చూశాడు.

వెంటనే చేతులు కడిగించాను, ఏమీ కాలేదు. రెండు రోజుల తర్వాత లుంగీ ఉతికితే ముందువైపు చిల్లులు పడ్డాయి, జల్లెడలా. యాసిడ్ కదా.

ఆ తర్వాత నేను చేసింది ఒకటే. చివరి వారం అంతా ఒక్క పేజీలోకి తెచ్చాను, తిప్పే పని లేకుండా. మొదటి లైను స్విచ్ ఆపమని, రెండోది గ్లవ్స్. అక్షరాలు పెద్దవి చేశాను, పేపర్ అడుగున్నర దూరంలో ఉంటుంది కాబట్టి. ప్లాంటే గారు పోయారు. ఇదంతా రాస్తే కోర్సులో నేర్చుకున్నట్టు ఉంటుందా, లేక నా తెలివితక్కువతనం బయటపెట్టుకున్నట్టు ఉంటుందా? ఇంకో మాట, ఇంగ్లీషు రీడబిలిటీ స్కోర్ 38 నుంచి 74కి పెరిగింది, అంకె ఎంత పెద్దదైతే చదవడం అంత తేలికని అర్థం. అది పెడితే బాగుంటుందేమో కదా, అంకెలుంటే నమ్ముతారు.


రెక్కల_మరమ్మత్తు:

గడ్డంతో తిప్పడం దగ్గర ఆఫీసులో గట్టిగా నవ్వేశాను, పక్క సీటావిడ ఏమైందని అడిగింది, తెలుగు రాదు, ఎలా చెప్పాలి.

నేను విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ రాసే చోట చేస్తున్నా. మీ రూమ్మేట్ పరిస్థితే మా మెకానిక్‌ది కూడా. నిచ్చెన మీద ఉంటాడు, చేతికి గ్లవ్స్, ఒక చేతిలో టార్చి. అందుకే మా దగ్గర రూల్స్ గట్టిగా ఉంటాయి. వార్నింగ్ అంటే మనిషికి దెబ్బ తగిలే ప్రమాదం, కాషన్ అంటే సామాను పాడయ్యే ప్రమాదం, రెండూ స్టెప్పు కంటే ముందే రావాలి. మీ గ్లవ్స్ మాట వార్నింగ్. బ్యాటరీ నిండి పొంగి ఇన్వర్టర్ ట్రే పాడవడం కాషన్. మీరు ఆ వార్నింగ్‌ని ఊరికే "ముఖ్య గమనిక" అన్నారు, పైగా పేజీ వెనకాల.

మేము వాడే ఇంగ్లీషుకి సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అని పేరు, ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అంటారు, విమానాల రంగంలోనే పుట్టింది. పని చెప్పే వాక్యంలో 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యంలో 25. ఒక మాటకి ఒకటే అర్థం. "క్లోజ్" అంటే మూయడమే, దగ్గర అని చెప్పాలంటే "నియర్" అనాలి. "ఫాలో" అంటే ఒకదాని తర్వాత ఒకటి రావడమే, సూచనల్ని పాటించండి అనడానికి వాడకూడదు, దానికి "ఓబే" అనాలి. చేరిన కొత్తలో నాకు ఇది జైలులా అనిపించింది. ఇంజినీరింగ్‌లో కవితలు రాసేవాణ్ణి లెండి, అదో దశ. ఇప్పుడు ఇంటి నుంచి వచ్చే వాట్సాప్ మెసేజుల్లో కూడా "ఇది ఎవరు చెయ్యాలి, నేనా నువ్వా" అని అడుగుతున్నానని మా ఆవిడ విసుక్కుంటుంది.

స్కోర్ గురించి. పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ దాని మీద ఆధారపడకండి. ఆ లెక్క రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చింది. అది చూసేది రెండే: వాక్యం ఎంత పొడుగుంది, మాటలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయి. అంటే మీ 11 లైన్లని తీసుకుని, గ్లవ్స్ లైనుని పట్టుకెళ్ళి అన్నిటికంటే కింద పెట్టండి, స్కోర్ అదే 74 వస్తుంది. లుంగీకి మళ్ళీ చిల్లులు పడతాయి. ఈ ఒక్క మాట మీ పేపర్లో రాస్తే చాలు, మీరేం నేర్చుకున్నారో దిద్దేవాళ్ళకి తెలిసిపోతుంది.


వైట్‌ఫీల్డ్_అక్క:

అబ్బ, ఆ స్కోర్ మాట బాగా చెప్పారు. డీటాలో కూడా టాస్క్ టాపిక్ తీస్తే స్టెప్పుల కంటే ముందే "ఇవి సిద్ధంగా ఉండాలి" అన్నదానికి విడిగా చోటుంటుంది. ఏళ్ళ తరబడి ఆ పెట్టెని యాంత్రికంగా నింపాను. అదెందుకు అక్కడుందో ఈ లుంగీ కథ విన్నాక ఇంకా బాగా అర్థమైంది.


జేపీనగర్_తాతయ్య:

నాయనా, నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. మా అబ్బాయి దగ్గర బెంగళూరులో ఉంటూ పొద్దుపోక ఇవన్నీ చదువుతుంటాను. మీ వృత్తి సంగతి నాకు తెలియదు, భాష సంగతి రెండు మాటలు చెప్తాను.

మీ అమ్మగారిని సాంబారు ఎలా చెయ్యాలని అడిగి చూడు. "కందిపప్పు కడిగి, కాసేపు నానబెట్టి, పసుపు వేసి, మూడు విజిల్స్ రానిచ్చి, దించి, మెత్తగా మెదిపి, చింతపండు పులుసు పోసి, ముక్కలు వేసి ఉడికించు" అంటారు. ఒక్క వాక్యంలో సాంబారు అయిపోయింది. కడిగి, నానబెట్టి, వేసి, దించి, ఇవన్నీ క్త్వార్థకాలు, అంటే ఒక పని అయ్యాక ఇంకో పని అని చెప్పే రూపాలు. మన భాషకి అది గొప్ప సుఖం, ఎన్ని పనులైనా దండలా గుచ్చుకుంటూ పోవచ్చు. చెవితో వినేవాడికి అది హాయి. కానీ చేతిలో క్యాన్ పట్టుకుని ఒకసారి కాగితం మీదికి, ఒకసారి బ్యాటరీ మీదికి చూసేవాడు చూపు తిప్పుకుని వచ్చేసరికి దండలో తాను ఏ పువ్వు దగ్గర ఉన్నాడో వెతుక్కోవాలి. నీ మొదటి కాగితం ఇంగ్లీషుదే అయినా ఒకసారి చూసుకో, "అండ్ దెన్, అండ్ దెన్" అని గుచ్చి ఉంటావు. అది ఇంగ్లీషు రాక కాదు, లోపల తెలుగు నడుస్తోంది.

రెండోది దీనికి తిరగవేసిన సంగతి. తెలుగులో షరతు ఎప్పుడూ ముందే వస్తుంది. "ఎర్ర గుర్తు కనబడితే నీళ్ళు పొయ్యి" అంటాం, "నీళ్ళు పొయ్యి, ఎర్ర గుర్తు కనబడితే" అనం. అన్నా అది తర్వాత గుర్తొచ్చి తగిలించినట్టుంటుంది. దీన్ని చేదర్థకం అంటాం. ఇంగ్లీషులో రెండు విధాలా రాయొచ్చు కాబట్టి వాళ్ళు రూలు పెట్టుకోవాల్సి వచ్చింది. నీకు అది పుట్టుకతో వచ్చింది, ఇంగ్లీషులో రాయబోయి పోగొట్టుకున్నావు, అంతే.

ఇక ఆ "షుడ్ బి వోర్న్". ఎవరు వేసుకోవాలయ్యా? వాక్యంలో మనిషే లేడు. మన మందుల చీటీల మీద "చల్లని ప్రదేశమున ఉంచబడవలెను" అని ఉంటుంది చూడు, ఎవరు ఉంచాలో తెలియక మా ఇంట్లో ఆ సీసా టీవీ మీదే ఉండేది.


బెల్లందూరు_నురగ:

తాతయ్య గారికి దండం.

బ్రో, ఇందాక జోక్ చేశాను కానీ ఇప్పుడు సీరియస్‌గా చెప్తున్నా. నువ్వు టెస్టర్‌వి. మూడేళ్ళుగా బగ్ రిపోర్టులు రాస్తున్నావు. స్టెప్స్ రాసి, ఏం జరగాలి, ఏం జరిగింది అని పెడతావు కదా. జరగాల్సింది: రూమ్మేట్ స్విచ్ ఆపుతాడు, గ్లవ్స్ వేసుకుంటాడు. జరిగింది: లుంగీకి చిల్లులు. తీవ్రత: హై. దొరికిన బిల్డ్ (అంటే వెర్షన్): మొదటి వారం పేపర్. సరిచేసిన బిల్డ్: 12వ వారం పేపర్. మళ్ళీ టెస్ట్ చేశావా లేదా?


మూడో_అంతస్తు_పీజీ:

చెయ్యలేదు! ఇంతమంది ఇంత రాశారు, నేను మాత్రం కొత్త పేపర్ని మళ్ళీ ఎవరికీ ఇచ్చి చూడలేదు. టెస్టర్ని అయ్యుండి ఫిక్స్‌ని వెరిఫై చెయ్యకుండా క్లోజ్ చేశాను. సిగ్గుగా ఉంది.


పేపర్లు_దిద్దే_మనిషి:

ఆలస్యంగా చూశాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్తాను, ఇలాంటివి సెమిస్టర్‌కి ఓ 60 దిద్దుతాను, కాబట్టి అటువైపు నుంచి చెప్తున్నా.

"ఈ కోర్సు నా జీవితంలో మలుపు" అని మొదలైతే నా పెన్ను దానంతటదే 12 వేస్తుంది. చదవాల్సిన అవసరం ఉండదు. చదివించేది ఏంటంటే, "మొదటి పేజీ చివర ఈ వాక్యం ఇలా ఉండేది, ఇదిగో ఇప్పుడు ఇలా ఉంది, మధ్యలో ఇది జరిగింది". రెండు వాక్యాలూ నాకు కనబడాలి. "స్పష్టత పెరిగింది" అన్న మాట నాకొద్దు, ఆ మాట నేను అనుకోవాలి.

అర్థం కానిది ఒప్పుకుంటే మార్కులు పోవు, కానీ ఎలా ఒప్పుకుంటున్నారన్నది చూస్తాను. "ఏపీఐలు నాకు కష్టంగా అనిపించాయి, భవిష్యత్తులో నేర్చుకుంటాను" అంటే అది మళ్ళీ దండ ముందు ఉపన్యాసమే. మీకు అర్థం కానిది కచ్చితంగా ఏది? ఉదాహరణకి సర్వర్ పంపే ఎర్రర్ నంబర్ల పట్టిక నింపారనుకోండి, 401 ఎప్పుడొస్తుంది 403 ఎప్పుడొస్తుంది అన్నది తెలియకుండా వేరే డాక్యుమెంట్ చూసి ఎత్తేశారా? లాగిన్ లేకపోతే 401, లాగిన్ ఉన్నా అనుమతి లేకపోతే 403. టెస్టర్ కాబట్టి రెండూ మీరు స్వయంగా తెప్పించి చూడగలరు. చూశాక ఆ పట్టికలో మీ వాక్యం మారిందా? మారితే అది పెట్టండి. మారకపోతే "ఈ లైను నేను ఎత్తేసింది" అని రాయండి, ఆ నిజాయితీకి నేనైతే రెండు మార్కులు ఎక్కువే వేస్తాను. మీ సార్ సంగతి నాకు తెలియదు, మనుషులు రకరకాలు.

ఒక్క జాగ్రత్త. లుంగీ కథ బాగుంది కదా అని 600 పదాలు కథే రాసేయకండి. కథ 200 చాలు. ఆ కథ తర్వాత మీరు తీసుకున్న నిర్ణయాలు మిగతావి. ఒక పేజీయే ఎందుకు, అక్షరాలు పెద్దవి ఎందుకు, ప్లాంటేని ఎందుకు పంపించేశారు. ఆయన్ని నిజంగా తీసెయ్యాలా, వేరే చోట పెట్టొచ్చా అని కూడా ఆలోచించండి, బ్యాటరీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవాడు ఇంకొకడు ఉంటాడు, వాడికి వేరే పేజీ.


మూడో_అంతస్తు_పీజీ:

అందరికీ థాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా.

నిన్న రాత్రి కొత్త పేపర్ ఇచ్చి మళ్ళీ టెస్ట్ చేశాను. మా రూమ్మేట్ ససేమిరా అన్నాడు, అందుకే కింద ఫ్లోర్‌లో కొత్తగా వచ్చిన కడప కుర్రాణ్ణి బతిమాలుకున్నా, కాఫీ ఇప్పిస్తానని. స్విచ్ ఆపాడు, ప్లగ్ తీశాడు, గ్లవ్స్ వేసుకున్నాడు. ఆకుపచ్చ గుర్తు దగ్గర ఆపాడు. పొంగలేదు. కానీ ఏడో లైన్లో "మూతలు పెట్టండి" అన్నచోట ఆగిపోయి, "బిగించాలా, ఊరికే పెట్టాలా అన్నా?" అన్నాడు. అది నేను రాయలేదు. ఇప్పుడు రాశాను. 12 లైన్లయింది.

ఆ 800 పదాల రిఫ్లెక్షన్ ఇలా మొదలుపెట్టాను, తెలుగులో చెప్తున్నా: "మొదటి వారం నేను రాసిన రెండు పేజీలు చదవడానికి రెండు చేతులు కావాలి. అందులో చెప్పిన పని చెయ్యడానికీ రెండు చేతులు కావాలి. నా రూమ్మేట్‌కి ఉన్నవి రెండే." ఆ తర్వాత పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కనే పెట్టాను. స్కోర్ గురించి ఒక్క లైను రాశాను, గ్లవ్స్ లైను కిందికి దింపినా అది మారలేదని, నేనే దింపి చూశాను, నిజంగానే మారలేదు. తాతయ్య గారూ, పాత పేపర్లో "అండ్ దెన్" 14 చోట్ల ఉంది, లెక్కపెట్టాను. 401, 403 రెండూ తెప్పించి చూశాను, నా పట్టికలో రెండిటికీ ఒకే వివరణ ఉంది, ఎత్తేసినదే. ఆ సంగతి కూడా రాశాను, ఏమవుతుందో చూడాలి.

ఆ ఒక్క పేజీ మా ఓనర్‌కి చూపిస్తే, లామినేట్ చేయించి ఇన్వర్టర్ పైన గోడకి అతికించమన్నాడు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు, 40 రూపాయలు నావే. లుంగీ బాకీ ఇంకా అలాగే ఉంది.